దూత ఇంకా వెళ్లలేదు

బస్తరు కొండల్లో కిరండూల్ రైలు లైను మీద ఉతికిన బట్ట తెల్లగా ఆరడమన్నది ఉండదు. ఇనపరాయి మోసుకుని విశాఖ వైపు దిగే గూడ్సుబండ్లు పోతూ పోతూ ఇంత ఎర్రదుమ్ము విదిలించి పోతాయి. బండి కూత వినపడగానే రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లు తీగ మీది బట్టలు లాక్కుని లోపలికి పరిగెడతారు. నూకమ్మకి ఆ పూట పరుగు లేదు. నీలం చీరని ఆవిడ ముందే వంటగదిలో తాడు కట్టి ఆరేసింది.

ఆ చీర ఆవిడది కాదు, మరియమ్మది. మంగళవార్త మాత గుడిలో ఏటా పండుగకి ఆడే నాటికలో మరియమ్మ వేషం కట్టే పిల్ల ఆ చీరే కట్టుకోవాలి. దానికి గంజి పెట్టి ఇస్త్రీ చేయడం, ఏడాదంతా వేపాకు వేసి ట్రంకుపెట్టెలో దాచడం నూకమ్మ పని. గబ్రియేలు దూత కన్యక మరియమ్మ దగ్గరికొచ్చి, పురుషుడి ప్రమేయం లేకుండా నీ కడుపున దేవుడు మనిషిగా పుడతాడని చెప్పిన రోజు ఆ పండుగ. క్రిస్మస్‌కి తొమ్మిది నెలల ముందు, అడవిలో ఇప్పపూలు రాలే కాలంలో వస్తుంది. బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన రైల్వే కుటుంబాలవాళ్లు ఆ నాటికకి ఇంకో ఉపయోగం కూడా కనిపెట్టారు. పెళ్లీడు పిల్లనే మరియమ్మని చేస్తారు. దంతెవాడ నుంచీ బచేలి నుంచీ మగపెళ్లివారు భక్తితోపాటు కళ్లజోళ్లు కూడా తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంటారు. నీలం చీర కట్టిన పిల్లకి ఏడాది తిరక్కుండా పెళ్లవుతుందని కాలనీలో గట్టి నమ్మకం. దేవుడి తల్లి వేషం పెళ్లిచూపులకి పనికొస్తుందని ఏ వేదాంతికీ తట్టి ఉండదు. మనవాళ్లకి తట్టింది.

నూకమ్మ పెద్దకూతురు సుగుణ ఆ చీర కట్టింది, ఏడాది తిరక్కుండా స్టేషన్లో మీటలు లాగి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసే శ్యామ్‌ప్రసాద్‌ని కట్టుకుంది. కిందటి చలికాలం మగబిడ్డని కని, ఆ బిడ్డ ముఖం సరిగ్గా చూడకుండానే పోయింది. ఈ ఏడు చీర చిన్నకూతురు స్వర్ణకుమారి వంతుకొచ్చింది.

స్వర్ణ వంటింటి గడపలో కూర్చుని అక్క కొడుక్కి సీసాతో పాలు పడుతోంది. వసారాలో మగవాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. నూకమ్మ భర్త యేసుపాదం పట్టాల వెంట నడిచి బిగింపులు చూసుకునే కీమాన్. ఊడిపోయిన చీలనైనా సడలిపోయిన మనిషినైనా ఒక్క సుత్తిదెబ్బతో బిగించవచ్చని ఆయన నమ్మకం.

"ఫాదర్‌కి సెప్పేసినాను. పండగనాడు పూజయ్యాక మొదటి చాటింపు," అన్నాడు యేసుపాదం.

పెళ్లి కుదిరిన జంట పేర్లు గుడిలో మూడుసార్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండని అడగడం ఆ చాటింపు. ఒకసారి చదివారంటే కాలనీ లెక్కలో సగం పెళ్లి అయిపోయినట్టే.

"మా అమ్మ రోజూ ఫోన్ సేస్తంది మావా," అన్నాడు శ్యామ్‌ప్రసాద్. "బాబుని బొబ్బిలి తెచ్చీమంటంది. అక్కడ ఏదో సంబంధం కూడా సూసిందట. ఇక్కడ సంగతి తేలిపోతే ఆవిడికి నాను సెప్పుకుంటాను."

అతను చెడ్డవాడు కాదు. తాగడు, ఎవరినీ ఎత్తి ఒక మాట అనడు. డ్యూటీ దిగి రోజూ వచ్చి కొడుకుని దూరం నుంచి చూసి, పాలడబ్బా గుమ్మంలో పెట్టి పోతాడు. ఎత్తుకోవడం మాత్రం ఒక్కనాడూ చూడలేదు నూకమ్మ.

బొబ్బిలి అన్న మాటకి ఆవిడ చేతిలో చీర అంచు మడత తప్పింది. ఆ గుంటడు బొబ్బిలి పోతే సుగుణ రెండోసారి పోయినట్టే. ఆవిడకి అంతకంటే తెలిసిన సత్యం ప్రస్తుతం లోకంలో లేదు. చెల్లెల్ని బావకి ఇచ్చేస్తే బిడ్డ ఇంట్లోనే ఉంటాడు, బిడ్డకి తల్లీ ఉంటుంది. దీనికి ఎవరు మాత్రం కాదంటారు?

అల్లుడు వెళ్లాక యేసుపాదం గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి, "గుంటకి నువ్వు సెప్పు," అని భార్యతో గొంతు తగ్గించి అన్నాడు. గొంతు తగ్గించినా ఆయన మాట గూడ్సుబండంత వినపడుతుంది. గడపలో స్వర్ణ తలెత్తలేదు. బిడ్డని భుజాన వేసుకుని వీపు మీద నెమ్మదిగా తడుతూ కూర్చుంది, వాడు తేన్చాక కూడా తడుతూనే ఉంది.

మర్నాడు గుడి ఆవరణలో నాటిక అభ్యాసం. నూకమ్మ చీర కుచ్చిళ్లకి పిన్నులు పెట్టడానికి వెళ్లింది. యేసుపాదం డ్యూటీ దిగొచ్చి వేదికకి గుంజలు పాతుతున్నాడు. దూత వేషం సోమ్లీది. ఉసూర్ వైపు దొర్ల తెగ పిల్ల, స్వర్ణతో కలిసి దంతెవాడలో నర్సు చదువు చదివింది. పండుగ మర్నాడు ఉసూర్ ఆసుపత్రిలో పనికి చేరడానికి జీపెక్కుతుంది. ఇద్దరికీ అక్కడే పని దొరికిందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. సుగుణ పోయిన తరవాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు, అంతే.

అభ్యాసం చేయించేది ఫాదర్ కురియన్. మలయాళీ ఆయన. పూజ హిందీలో చేస్తారు, తెలుగు మాత్రం బైబిల్ చదివి నేర్చుకున్నారు. అందుకే టీకొట్టు దగ్గర కూడా "నాకు ఒక చాయ దయచేయుము" అంటారు. పిల్లలు నవ్వినా ఆయనకి పట్టదు.

సోమ్లీ "దేవునికి అసాధ్యమైనది ఏదియు లేదు" అని ఆఖరి మాట అప్పజెప్పి, బరువు దిగినట్టు గిరుక్కున తిరిగి తెర వెనక్కి నడిచింది.

"రుకో, రుకో! దూతా, ఎక్కడికి పోవుచున్నావు?" ఫాదర్ చేతులెత్తారు.

"నా మాటలు అయిపోయినయి గద ఫాదర్. ఇంకేంది?"

"నీ మాటలు అయినవి. ఆమె మాట కాలేదు."

స్వర్ణ మోకాళ్ల మీద ఉంది. నూకమ్మ వెనకనుంచి కుచ్చిళ్లు సర్దుతోంది. ఆ పిల్ల అలాగే కదలకుండా అడిగింది: "ఫాదర్, దూత మరియమ్మని అడిగాడా, మరియమ్మకి చెప్పాడా?"

గుంజ దగ్గర యేసుపాదం నవ్వాడు. "దేవుడు అడుగుతాడేటే పిచ్చిగుంటా? సెప్తాడు. 'నీవు గర్భము ధరించి కుమారుని కందువు' అని రాసి నేదా?"

ఫాదర్ గడ్డం గోక్కున్నారు. "చెప్పెను, నిజమే. కానీ చెప్పి వెళ్లిపోలేదు, యేసుపాదం. నిలబడెను. ఇది ఎట్లు జరుగును, నేను పురుషుని ఎరుగను గదా అని ఆమె ప్రశ్న వేసెను. దూతకి కోపం రాలేదు. జవాబు ఇచ్చెను. ఇచ్చి మళ్లీ నిలబడెను. నీ మాట చొప్పున జరుగునుగాక అని ఆమె అన్న తరువాతనే, 'అంతట దూత వెళ్లిపోయెను' అని ఉన్నది. ముందు కాదు. భూమిని, ఆకాశాన్ని చేసినవాడు మనిషి కావలెనని కోరి, ఒక పల్లెటూరి అమ్మాయి నోటి మాట కోసం ఆగెను."

"ఆవిడ వద్దని ఉంటే?" అంది స్వర్ణ.

"నాకు తెలియదు. బలవంతం చేయడు. అది మాత్రం తెలుసు." సోమ్లీ వైపు తిరిగి, "కాబట్టి నీవు కదలకూడదు. ఆమె ఎంతసేపు మాట్లాడకపోయినా నిలబడవలెను," అన్నారు.

"కాళ్లు గుంజుతయి ఫాదర్."

"దేవదూతకి గుంజలేదా? నిలబడుము."

పిల్లలంతా నవ్వారు. యేసుపాదం గుంజ మీద ఇంకో దెబ్బ వేశాడు. స్వర్ణ నవ్వలేదు. ఆమె వీపు బిగుసుకుపోవడం నూకమ్మ వేళ్లకి తెలిసింది.

అభ్యాసం అయ్యాక ఫాదర్ నూకమ్మ దగ్గరికొచ్చారు. "అమ్మా, చాటింపు చదువుటకు ముందు అమ్మాయి నా దగ్గరికి వచ్చి తన నోటితో చెప్పవలెను. ఆమెకి ఇష్టమేనా? అడిగితిరా?"

నూకమ్మ నోట్లో పిన్నులున్నాయి. అవి తీసేపాటి వ్యవధి ఉంది, నిజం చెప్పేపాటి వ్యవధి కూడా ఉంది. ఆవిడకి బొబ్బిలి బండి కనిపించింది, కిటికీలో గుంటడి నెత్తి కనిపించింది.

"అడిగినాను ఫాదర్," అంది పిన్నుల సందుల్లోంచి. "సరే అంది. గుంటకి సిగ్గు, మీ ముందు నోరిప్పదు. దాని మాటే నా మాటనుకోండి."

ఆయనకి సాయంత్రంలోగా ఇంకో రెండు ఊళ్లు తిరగాలి. మోటారు సైకిల్ తాళం వేలికి తిప్పుకుంటూ ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూశారు. "తల్లి మాట," అని తల ఊపి వెళ్లిపోయారు. నూకమ్మ పిన్నులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి డబ్బాలో వేసుకుంది. ఒకటి నాలిక్కి గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఇక తప్పదని చెప్పేసింది. స్వర్ణ పొయ్యి దగ్గర నిలబడి పాలు చల్లారబోస్తోంది, ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి.

"పండగనాడు చాటింపు సదువుతారు. నీకూ మీ బావకీ," అంది నూకమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ. చేట మీంచి కళ్లెత్తలేదు.

పాలధార ఆగలేదు. "కాలనీ అంతా తెలుసమ్మా. లలితత్త నిన్న చింతపండు అడగడానికొచ్చి శుభాకాంక్షలు చెప్పి వెళ్లింది."

పక్క క్వార్టరు లలిత నోట్లో నువ్వుగింజ నానదు. నూకమ్మకి ఆవిడ మీద ఒళ్లు మండింది. తన మీద మండాల్సింది కూడా కలిపి ఆవిడ మీదే మండింది.

"తెలిస్తే మంచిదే. మరి నాను సెప్పే పని తప్పింది."

"నన్నెప్పుడు అడిగారమ్మా?"

"అడిగేదేటుంది ఇందులో? సొంత అక్క బిడ్డ. నీ సేతిలో పెరుగుతన్నాడు. రేపు ఎవత్తో వచ్చి వాడికి సద్దికూడు పెడితే నీకు బాగుంటాదా?"

"వాడి గురించి నేనేమైనా అన్నానా?"

"మరి దేని గురించి?"

స్వర్ణ గ్లాసులు కింద పెట్టింది. "బావ నన్ను చూసినప్పుడల్లా అక్కని చూస్తాడు. మొన్న నన్ను సుగుణా అని పిలిచాడు. పిలిచి తనే ఏడ్చాడు. నేనెవరినమ్మా ఆ ఇంట్లో?"

జవాబు లేనప్పుడు తల్లులు చేసేదే నూకమ్మా చేసింది. గొంతు పెంచింది. "ఉసూర్ ఎల్లి అడవిలో సూదులేసుకుంటానంటావ్! ఇంట్లో ఉన్న దిక్కులేని బిడ్డ అక్కర్లేదు. దేవుడు మెచ్చుతాడేటే?"

స్వర్ణ సీసాలో పాలు పోసి, మణికట్టు మీద ఒక చుక్క వేసి వేడి చూసుకుని, పిల్లాడి దగ్గరికెళ్లింది. ఆ తరవాత ఆ పిల్ల ఇంట్లో మాట్లాడలేదు. అలిగి అన్నం మానేసిందా అంటే అదీ లేదు. నీళ్లు మోసింది, పిల్లాడి గుడ్డలు ఉతికింది, అడిగినదానికి తలాడించింది. పిల్లాడితో మాత్రం గుసగుసగా ఏదో చెప్పేది. తల్లి వస్తే ఆపేసేది.

అరిచే పిల్లకి తల్లి భయపడదు. నోరు మూసుకున్న పిల్లకి భయపడుతుంది. సోమ్లీ జీపు పండుగ మర్నాడు పొద్దున్నే బయల్దేరుతుంది. స్వర్ణ మంచం కింద నర్సు బట్టలతో సర్ది ఉంచిన నీలం సంచీ ఉంది. నూకమ్మ దాన్ని తీసి ట్రంకుపెట్టెలో, మరియమ్మ చీర పక్కన పెట్టి తాళం వేసింది. తాళంచెవి మంగళసూత్రానికి కట్టుకుంది. సంచీ లేదని స్వర్ణ చూసింది. చూసి మంచం దుప్పటి సరిచేసి వెళ్లిపోయింది. ఏదైనా అంటే బాగుండునని నూకమ్మకి అనిపించింది.

మధ్యాహ్నం గుడి గంట మోగింది. గంటంటే గంట కాదు. వేపకొమ్మకి వేలాడదీసిన రైలుపట్టా ముక్కని సుత్తితో కొడతారు. ఆ చప్పుడు వింటే కాలనీలో కతోలికులు ఎక్కడి పని అక్కడ ఆపి త్రికాల జపం చెప్పుకోవాలి. నూకమ్మ ముప్పై ఏళ్లుగా రోజుకి మూడుసార్లు చెప్తోంది. కూర మాడుతున్నా చెప్తుంది, నీళ్ల పంపు దగ్గర తగువులో ఉన్నా మధ్యలో ఆపి, చెప్పి, మళ్లీ అక్కడినుంచి అందుకుంటుంది.

"ఏలినవారి దూత మరియమ్మకు మంగళవార్త చెప్పెను," అని మొదలుపెట్టింది, వేళ్లు బియ్యంలోనే ఉంచి. నోరు దాని దారిన అది పోతోంది. "ఇదిగో ఏలినవారి దాసిని. మీ వాక్కు చొప్పున నాకు..." నోరు ఆగిపోయింది. ఈ మాట ఎవరిదో ఆవిడకి కొత్తగా తట్టింది. రోజూ మరియమ్మ మాట తనే చెప్పేస్తోంది, పాటలా. మొన్న స్వర్ణ మాటా అలాగే చెప్పేసింది, పిన్నుల మధ్య నుంచి. ఇలాంటి ఆలోచనలు చెయ్యడం ఆవిడకి అలవాటు లేదు. గబగబా జపం ముగించి, సిలువ గుర్తు వేసుకుని, చేట గట్టిగా చెరిగింది.

పండుగ సాయంత్రం గుడి ఆవరణ నిండిపోయింది. బచేలి నుంచి, దంతెవాడ నుంచి చుట్టాలొచ్చారు. ముందు నాటిక, తరవాత పూజ, ఆ తరవాత ప్రకటనలు. ముందు వరసలో యేసుపాదం కొత్త లాల్చీలో కూర్చున్నాడు. పక్కన శ్యామ్‌ప్రసాద్ ఇస్త్రీ చొక్కాలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎవరో కూర్చోబెడితే కూర్చున్నట్టున్నాడు. నూకమ్మ ఒళ్లో పిల్లాడు. నూకమ్మ స్వర్ణకి చీర కట్టేటప్పుడు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అదే చోట, అదే భుజం మీద సుగుణకి కూడా పిన్ను పెట్టింది. బట్టకి పాత చిల్లు అలాగే ఉంది.

తెర లేచింది. మరియమ్మ తిరగలి ముందు కూర్చుని ఉంది. దూత వచ్చాడు. దడిమీంచి దూకి వచ్చినట్టు వచ్చినా, సోమ్లీ గొంతు బాగుంది. "దేవవరప్రసాదముచేత నిండినదానా, నీకు వందనము" అనగానే వెనక వరసల్లో ముసలమ్మలు దండం పెట్టారు. స్వర్ణ కలత పడింది, ప్రశ్న అడిగింది, అన్నీ నేర్పినట్టే చేసింది. పవిత్రాత్మ నీ మీదికి వచ్చును అని దూత చెప్పాడు. దేవునికి అసాధ్యమైనది ఏదియు లేదు అన్నాడు. అని, ఫాదర్ చెప్పినట్టే నిలబడ్డాడు.

ఇప్పుడు మరియమ్మ చెప్పాలి. చెప్పలేదు.

మొదట ఎవరికీ తెలియలేదు. భక్తిగా ఆగిందనుకున్నారు. ఇంకాసేపయ్యాక, మాట మర్చిపోయిందని గుసగుసలు లేచాయి. తెర పక్కనుంచి పుస్తకం పట్టుకున్న టీచరమ్మ "ఇదిగో... ఇదిగో ప్రభువు దాసిని" అని అందించింది. ముందు వరస మొత్తానికి వినపడింది, స్వర్ణకి మాత్రం వినపడలేదనుకోవాలా? మర్చిపోయిన పిల్ల కళ్లు తడబడతాయి. స్వర్ణ కళ్లు తడబడటం లేదు. దూతని కూడా చూడటం లేదు. వేదిక దిగువకి, తిన్నగా తల్లిని చూస్తోంది.

"ఏటైందే దానికి?" యేసుపాదం పళ్ల మధ్యనుంచి అన్నాడు. "సెప్పమను. నువ్వు సైగ సెయ్యి."

నూకమ్మ చెయ్యి పిల్లాడి వీపు మీద ఉంది. అది లేవలేదు. టీచరమ్మ మళ్లీ అందించబోతే, పక్కనే పూజ బట్టల్లో నిలబడ్డ ఫాదర్ కురియన్ వేలెత్తి ఆపారు. సోమ్లీ అట్ట రెక్కలు వణుకుతున్నాయి. కాళ్లు గుంజుతున్నాయేమో, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంది, జాగా మాత్రం వదల్లేదు. దూరంగా గూడ్సుబండి పోతోంది. ఆ చప్పుడు పూర్తిగా అణిగిపోయేదాకా ఆవరణలో ఎవరూ దగ్గలేదు.

కూతురు ఏం అడుగుతోందో నూకమ్మకి తెలుసు. ఇంత జనంలో ఆవిడొక్కతికే తెలుసు. దూత మరియమ్మ తండ్రి దగ్గరికెళ్లి మాట పుచ్చుకుని పోలేదు. తల్లి అన్నమ్మ దగ్గరికెళ్లి, నీ కూతురు ఒప్పుకుందా అని అడిగి, ఆవిడ ఊఁ అంటే సరేనని రెక్కలు విప్పుకుని ఎగిరిపోలేదు. కడుపు ఎవరిదో వాళ్లనే అడగాలని దేవుడికి తెలిసింది. తనకి తెలియలేదు. కన్నతల్లి అయ్యుండీ తనకి తెలియలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. జనం ముందు ఏడవడం ఇష్టంలేక పిల్లాడి నెత్తి మీద ముఖం పెట్టుకుంది. పెట్టుకుని, మళ్లీ తలెత్తి, కూతురి వంక చూసి, ఎవరికీ కనపడనంత చిన్నగా తలూపింది. ఆ ఊపడంలో ఏం ఒప్పుకుందో అప్పటికి ఆవిడకే సరిగ్గా తెలియదు.

స్వర్ణ చూపు తల్లి మీంచి దూత మీదికి తిరిగింది.

"ఇదిగో ప్రభువు దాసిని," అంది. ఏ అభ్యాసంలోనూ అంత స్పష్టంగా అనలేదు. "నీ మాట చొప్పున నాకు జరుగునుగాక."

సోమ్లీ గుండెల నిండా గాలి పీల్చుకుని వెళ్లిపోయింది. ఆవరణంతా చప్పట్లు. ఇన్నేళ్లలో మరియమ్మ ఇంత బాగా కుదర్లేదని బచేలి చుట్టమొకాయన యేసుపాదం చెయ్యి ఊపేశాడు.

తెర వెనక నూకమ్మ ఒక చేత్తో పిల్లాడిని పట్టుకుని, రెండో చేత్తో కూతురి భుజం మీది పిన్ను తీసింది. పూజకి వస్త్రాలగదిలో గంట మోగడానికి ఇంకా కాస్త వేళ ఉంది.

"నీకు ఇష్టమేనా?" అంది.

స్వర్ణ తిరిగి చూసింది. "ఇప్పుడు అడుగుతున్నావా అమ్మా, చెప్తున్నావా?"

"అడుగుతన్నాను."

అడిగి ఊరుకోవడం ఎంత కష్టమో నూకమ్మకి అప్పుడు తెలిసింది. నాలిక చివర ఎన్నో మాటలున్నాయి. దిక్కులేని బిడ్డ, అక్క ఆత్మ, బొబ్బిలి, పరువు. ఒక్కటి కూడా అనలేదు. పిన్ను పట్టుకుని నిలబడింది. తెర అవతల బల్లలు జరుపుతున్న చప్పుడు.

"వద్దమ్మా," అంది స్వర్ణ. అని పిల్లాడి వేలు పట్టుకుని ఏడ్చింది. "వీడంటే నాకు ప్రాణం. కానీ బావకి నేను పెళ్లాన్ని కాలేను."

నూకమ్మ కూతురి కళ్లు తన కొంగుతో తుడిచింది. మంగళసూత్రం నుంచి తాళంచెవి విప్పి ఆ పిల్ల అరచేతిలో పెట్టింది.

వస్త్రాలగదిలో ఫాదర్ ఒంటరిగా ఉన్నారు. నూకమ్మ గుమ్మం దాటలేదు.

"మొన్న మీకు అబద్ధం సెప్పినాను ఫాదర్. గుంటని నాను అడగనేదు. ఇప్పుడడిగినాను. వొద్దంది."

ఆయన ఆవిడని చూశారు, చేతిలోని ప్రకటనల కాగితాన్ని చూశారు. జేబులోంచి పెన్ను తీసి ఒక వరస కొట్టేశారు.

"మీ ఆయనకి?"

"నాను సెప్పుకుంటాను."

"కష్టమగును."

"అగును ఫాదర్," అంది నూకమ్మ. భయంలో ఆయన తెలుగే ఆవిడకీ వచ్చేసింది.

పూజ అయింది. ప్రకటనలు చదివారు. ఆదివారం పూజ వేళ మారిందన్నారు, శుక్రవారం సిలువమార్గం ఉందన్నారు, నీళ్ల ట్యాంకరు గుడి వెనక ఆగుతుందన్నారు. యేసుపాదం లాల్చీ సర్దుకుని ముందుకి వంగి కూర్చున్నాడు. లలిత వెనకనుంచి మెడ చాచింది. ఫాదర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ముగింపు పాట ఎత్తుకోమన్నారు.

బయట వేపచెట్టు కింద యేసుపాదం పెళ్లాన్ని నిలేశాడు. ఆవిడ దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఆయన చెయ్యి ఒకసారి లేచింది. ఆవిడ చేతుల్లో పిల్లాడు ఉండబట్టి ఆగింది.

"పదిమందిలో పరువు తీసినావు. నన్ను అడిగినావా?"

"నేదు," అంది నూకమ్మ. "నిన్ను అడగాల్సింది కాదది."

ఆయన రైలుపట్టా గంటని చేత్తో ఒక్క తోపు తోసి, చీకట్లు పడుతుంటే లైను వెంట క్వార్టర్ల వైపు ఒక్కడే నడిచిపోయాడు. గంట మోగలేదు, ఊరికే ఊగింది.

శ్యామ్‌ప్రసాద్ కాస్త దూరంలో నిలబడి అంతా విన్నాడు. దగ్గరికొచ్చాడు. కోపంగా ఉన్నాడేమోనని నూకమ్మ చూసింది. అతని ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువుంది.

"అయితే ఎల్లుండి బండికి బాబుని బొబ్బిలి తీసుకెల్తాను అత్తా."

ఇదే రాకూడదనే ఆవిడ ఇన్ని చేసింది. "నీ బిడ్డే బాబూ," అంది. పిల్లాడిని చేతులు చాచి అతనికిచ్చింది.

రోజంతా ఇనప మీటలు లాగే చేతులవి. అరచెయ్యంత లేని వీపుని ఎక్కడ పట్టుకోవాలో వాటికి తెలియలేదు. పిల్లాడు మెడ వేలాడేసి కెవ్వుమన్నాడు. నూకమ్మ చేతులు ముందుకెళ్లాయి. ఆవిడే వాటిని వెనక్కి తీసుకుంది.

"మెడ కింద సెయ్యెట్టు. అలగ కాదు, ఇంకొంచెం పైకి. గుండెకి ఆనించుకో."

అతను పెట్టాడు. ఆనించుకున్నాడు. వాడు ఇంకా కాసేపు ఏడ్చి, తండ్రి చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని ఊరుకున్నాడు. శ్యామ్‌ప్రసాద్ కళ్లు వంచి ఆ నెత్తినే చూస్తున్నాడు.

"అత్తా," అన్నాడు. "మా అమ్మకి సూపు ఆనదు. ఒక్కర్తీ వీడిని సూడనేదు. నాకు డ్యూటీ ఇక్కడ. నువ్వు బొబ్బిలి వస్తావా? వీడికి నడకొచ్చేదాకా? నీకు ఇష్టమైతేనే. మావకి కోపమొస్తాదని తెలుసు."

నూకమ్మకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పెళ్లికి ఆవిడని ఎవరూ అడగలేదు. బస్తరు బండెక్కమన్నప్పుడు అడగలేదు, దిగాక ఉంటావా అనీ అడగలేదు. ఇప్పుడు ఇతను అడిగి, ఆవిడ ముఖంలోకి చూస్తున్నాడు. క్వార్టర్ల వైపు యేసుపాదం ఇంట్లో దీపం వెలిగించాడు. ఆయనకి రోజూ పొద్దున అన్నం కట్టేదెవరు? గుడి మెట్ల మీద స్వర్ణా సోమ్లీ నీలం చీర మడత పెడుతున్నారు, చెరో కొస పట్టుకుని.

వెంటనే వస్తానందామనుకుంది. నోటిదాకా వచ్చిన మాటని ఆపుకుంది. ఎన్నాళ్లకో దొరికిన సంగతి, అంత తొందరగా ఖర్చు చెయ్యబుద్ధి కాలేదు.

"ఆలోసించుకుని సెప్తాను బాబూ," అంది కొంగు నడుముకి దోపుకుంటూ. "అందాకా నిలబడు."

శ్యామ్‌ప్రసాద్ కొడుకుని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు.